బర్నబాస్ గారి గుర్రం

మానవజాతి గత నలభై ఏళ్లలో ఎన్నో ఘనకార్యాలు చేసింది గానీ, గుర్రాన్ని మాత్రం ఒక్క క్షణం కూడా ముందుకు జరపలేకపోయిందని మదనపల్లె బర్నబాస్ గారు నిరూపించారు. ఈ నిరూపణను ఇంతవరకు ఎవరూ ఖండించలేదు. (ఎవరూ అడగనూ లేదు.)

ఆయన గణాంక శాఖలో పనిచేసి పుంగనూరులో రిటైరయ్యారు. ఉద్యోగం పొడుగునా పంట దిగుబడి అంచనాలు వేశారు. వేరుశనగ బ్రహ్మాండంగా పండుతుందని ఆయన రాసి పంపిన ఏడాది వాన మొహం చాటేసేది. కరువు తప్పదని రాసిన ఏడాది చెరువులు తెగేవి. పై ఆఫీసు దీన్ని ఎన్నడూ తప్పు పట్టలేదు. అంచనాకూ పంటకూ సంబంధం ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అయినా ఆయన మనసులో ఒక వెలితి ఉండిపోయింది. మనిషన్నవాడు ఒక లెక్క వేస్తే, అది ఒప్పో తప్పో ఆ పూటే తేలాలి. అలా తేల్చే వ్యవస్థ కోసం వెతగ్గా వెతగ్గా దేశం మొత్తం మీద ఒక్కటే దొరికింది. అది బెంగళూరు గుర్రప్పందెం.

ఆయన పందెం కాసేవారు కాదు. చర్చి సంఘంలో పేరున్న కుటుంబం, జూదమంటే గిట్టని తండ్రి. కాబట్టి ఆయన గుర్రాలను 'గమనించేవారు'. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని గ్యాలరీలో నిలబడి, గెలిచిన గుర్రానికి ఎంతసేపు పట్టిందో, దాని మీద జనం ఏ రేటుకు కాశారో రాసుకుని, ఇంటికొచ్చి పట్టికలు గీసేవారు. మదనపల్లె నుంచి బెంగళూరుకు నేరుగా బస్సుంది. ఎక్కి కూర్చుంటే దించేస్తుంది. బర్నబాస్ గారు మాత్రం పుంగనూరు మీదుగా కుప్పం పోయి అక్కడ రైలెక్కేవారు. బెంగళూరు బస్సు దగ్గర సంఘస్థులు ఎవరైనా చూస్తే ఎక్కడికని అడుగుతారు. కుప్పం బస్సెక్కే మనిషిని మాత్రం ఎవరూ అనుమానించరు. తాను ఏ తప్పూ చెయ్యడం లేదన్న సంగతి బయటపడకుండా ఉండటానికి ఆయన ప్రతి శనివారం అంత చుట్టు తిరిగేవారు.

భార్య దయామణికి అంతా తెలుసు. శనివారం పొద్దున్నే చిత్రాన్నం కట్టిచ్చేది. రాత్రికి ఆయన వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే వంటింట్లోంచే అడిగేది.

"గెలిసిందా మీ గుర్రం?"

"లేదు."

"పాపం."

ఆ జాలి గుర్రం మీద. ఆయన మీద జాలిపడటం పెళ్లయిన మొదటి ఏడాదే మానుకుంది.

పరిశోధన మాత్రం ఆగలేదు. తాత గుర్రం ఎంతసేపట్లో గెలిచిందో, తండ్రి గుర్రమూ అంతే, మనవడి గుర్రమూ అంతే. దాణా మారింది, డాక్టర్లు వచ్చారు, వేగం మాత్రం అంగుళం కదల్లేదు. (ఇదే కాలంలో మదనపల్లె, పుంగనూరు మధ్య రోడ్డు వెడల్పు చేసి, కొత్త బస్సులు వేసి, ప్రయాణాన్ని విజయవంతంగా ఆలస్యం చేశారు.) ఇక జనం తెలివి. అందరూ గెలుస్తుందని నమ్మి కాసిన గుర్రాన్ని ఫేవరెట్ అంటారు. బర్నబాస్ గారి పట్టికల ప్రకారం ఆ ఫేవరెట్ మూడింట ఒకసారి గెలుస్తుంది. పేపర్లో చిట్కాలు చదివే రోజుల్లో అంతే, టీవీ వచ్చాక అంతే, సెల్‌ఫోన్లో యాప్‌లు వచ్చి చెవిలో చెప్పినట్టు చెబుతున్నా అంతే. జనం తెలివి కూడా గుర్రం లాగే ఎక్కడ బయల్దేరిందో అక్కడే ఉంది.

ఈ సత్యాలన్నీ కూడేసి ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. గుర్రం పాత పరుగులు, మోసే బరువు, నేల తడి, రేటు, అన్నీ కలిపి గుణించి ప్రతి పందేనికీ ఒక గుర్రం పేరు పైకి తీసేవారు. ఆ గుర్రం నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా గెలవలేదు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా పదింట ఒకటి తగులుతుంది. అదృష్టం లేనివాడికి కూడా అప్పుడప్పుడు తగులుతుంది. ఒక్కటి కూడా తగలకుండా ఉండాలంటే దానికి ప్రతిభ కావాలి. ఒకే ఒకసారి ఆయన గుర్రం అందరికంటే ముందు గీత దాటింది గానీ, అప్పటికి దాని మీద జాకీ లేడు. జాకీ లేని గెలుపు లెక్కలోకి రాదని నిబంధన. "ఇంకా కొంత సమాచారం కావాల" అని బర్నబాస్ గారు రైలెక్కారు.

ఈ ప్రతిభను మొదట గుర్తించినవాడు రామకుప్పం పక్క రైతు గోవిందప్ప. బీన్సు మూటలతో కుప్పంలో రైలెక్కి, మార్కెట్లో వాటిని వదిలించుకుని, తేలికపడి పందేలకు వచ్చేవాడు. రైల్లో బర్నబాస్ గారిని గుర్రం పేరు అడిగి, ఆ పేరు జాగ్రత్తగా కొట్టేసి, మిగిలిన వాటిలో కాసేవాడు. కొన్నేళ్లు గడిచాక ఆ రహస్యం తనే చెప్పేశాడు.

"రాగి సేన్లోకి యేనుగులు ఎప్పుడొస్తాయో సెప్పలేము సారూ. నువ్వు సెప్పిన గుర్రం రాదని మాత్రం సెప్పచ్చు. నువ్వు ఒగటే సెప్తాండావు. అదే ఒగటి తప్ప అన్నీ సెప్పినావంటే, మిగిలిన దాని మింద ఇల్లు రాసిచ్చేద్దును."

బర్నబాస్ గారికి తల కొట్టేసినట్టయింది. తర్వాతి శనివారం గోవిందప్ప తెచ్చిచ్చిన రాగిపిండి మాత్రం తీసుకున్నారు. సంగటి బాగా కుదిరిందని దయామణి అన్నది.

ఆ దయామణి మూడేళ్ల కిందట వెళ్లిపోయింది. శనివారాలు మిగిలాయి, అడిగే మనిషి మిగల్లేదు. ఆయన మొదటిసారి గుర్రాల దగ్గరికి పోవడం మానేసి, శనివారం సాయంత్రాలు సంఘం వారి సమాధుల తోటలో గడపసాగారు. ఆమెది గోడ పక్కన, సీతాఫలం చెట్టు కింద. ఆ పక్కన ఒక మనిషికి సరిపడా స్థలం ఖాళీగా ఉంది. అది తనదేనని ఆయన అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇలా ఎవరికి వారు అనుకోవడాన్ని అరికట్టడానికే 'సమాధుల తోట స్థల వినియోగ క్రమబద్ధీకరణ ఉపసంఘం' ఏర్పడింది. కార్యదర్శి సాల్మన్ రాజు గారు. కరెంటు ఆఫీసులో కోత వేళలు ప్రకటించే పని చేసి ఈమధ్యే రిటైరైన మనిషి, ఉన్న కొంచెం అందరికీ ఎలా అందకుండా చెయ్యాలో అనుభవం మీద తెలిసినవారు. తోటలో స్థలాలు పట్టుమని పది కూడా లేవు, సంఘంలో పెద్దవాళ్లు ముప్పైమందికి పైనే. ముందే రిజర్వు చేసుకున్నవాళ్లు ఎంతకీ రావడం లేదనీ, దానివల్ల స్థలాలు వృథాగా పడి ఉంటున్నాయనీ ఉపసంఘం విచారం వ్యక్తం చేసింది. రిజర్వేషన్లు రద్దయ్యాయి. ఇకమీద సీతాఫలం చెట్టు నుంచి గేటు వైపుగా, ముందు వచ్చినవారికి ముందు స్థలం. రావడం అంటే ఏమిటో అనుబంధంలో వివరించారు.

అంటే దయామణి పక్క స్థలం మదనపల్లె సంఘంలో ఇకమీదట మొట్టమొదట పోయే మనిషిది.

బర్నబాస్ గారు ఆ నోటీసు రెండుసార్లు చదివి, తిన్నగా ఆసుపత్రికి పోయి అన్ని పరీక్షలూ చేయించుకున్నారు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, యాభై ఏళ్ల మనిషికి ఉండాల్సిన గుండె ఉందని అభినందించింది. ఆయన దిగులుగా ఇంటికొచ్చారు. ఆయనకు చావాలని కోరికేమీ లేదు. తొందర అసలే లేదు. పోవడమంటూ జరిగితే ఇంకెవరికన్నా ముందు జరగాలని, ముప్పై ఆరేళ్లు పక్కన పడుకున్న మనిషి పక్కన ముక్కూమొహం సరిగా తెలియని వాళ్లు పడుకోకూడదని, అంతే ఆయన బాధ.

మినహాయింపు కోసం అర్జీ పెట్టుకుంటే, దాని బదులు విచారణ మొదలైంది. రేసుకోర్సు గ్యాలరీలో స్టాప్‌వాచ్‌తో నిలబడి ఉన్న ఆయన పాత ఫోటో ఒకటి సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. (ఫోటో తీసిన వ్యక్తి అక్కడ ఏం చేస్తున్నాడన్నది విచారణ పరిధిలోకి రాదని తేల్చారు.) జూదరికి తోటలో అసలు స్థలమే లేదు. కోతపండుగ లక్కీ డిప్ పెట్టెను పక్కకు జరిపి, ఆ బల్ల చుట్టూ ఉపసంఘం కూర్చుంది. తాను ఒక్క రూపాయి కూడా కాయలేదని బర్నబాస్ గారు చెప్పారు. సాక్ష్యం అడిగారు. ఆయన నలభై ఏళ్ల పట్టికలు పరిచి, తాను చెప్పిన గుర్రాలనూ గెలిచిన గుర్రాలనూ పక్కపక్కన చూపించారు. పెద్దలు ఒక్కొక్క పేజీ తిప్పే కొద్దీ వాళ్ల ముఖాల్లో అనుమానం పోయి జాలి వచ్చింది. ఇంత నికరంగా ఓడినవాడు నిజంగా డబ్బు కాసి ఉంటే మొదటి ఏడాదే మానేసేవాడనీ, కాబట్టి నిర్దోషి అనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. తన జీవితకాలపు కృషి దేనికీ పనికిరాదని రుజువు కావడంతో ఆయన పరువు దక్కింది.

అయితే పరిశీలనలో ఉపసంఘానికి ఇంకో సంగతి బోధపడింది. స్థలాలు ఏ వరసలో నిండుతాయో ముందే తెలిస్తే, గుంతల కూలీలకూ గోడ మరమ్మతుకూ బడ్జెట్ వేసుకోవచ్చు. సంఘంలో రేట్లు కట్టడం తెలిసిన మనిషి ఒక్కరే. అంచనా వేసి ఇస్తే ఆయన అర్జీని సానుభూతితో పరిశీలిస్తామని సాల్మన్ రాజు గారు సూచించారు. (సానుభూతితో పరిశీలించడం అంటే ఏమిటో ఏ అనుబంధంలోనూ వివరించలేదు.)

బర్నబాస్ గారు పాత సమాధుల రిజిస్టరు దుమ్ము దులిపి పని మొదలెట్టారు. దొరల కాలంలో మనిషి యాభై ఏళ్లకే గీత దాటేసేవాడు. ఇప్పుడు ఎనభై దాటినా మలుపు కూడా తిరగడం లేదు. గుర్రం నిలకడగా ఉంది, మనిషి నెమ్మదించాడు అని ముందుమాటలో రాశారు. తర్వాత ఒక్కొక్కరి వయసు, షుగరు, బీపీ, మెట్లెక్కే తీరు, ముందు బెంచీ నుంచి లేవడానికి పట్టే సమయం, అన్నీ గుణించి రేట్లు కట్టారు. ఆ పట్టిక చర్చి వరండాలో ఆ వారం పాడే కీర్తనల నంబర్ల బోర్డు పక్కనే వేలాడింది. ఫేవరెట్‌గా రిటైర్డు నర్సు విజయమ్మ గారు తేలారు. గుండెకు స్టెంటు, కాలికి పుండు, మంచం దిగి నెల. ఆఖరి స్థానం సాల్మన్ రాజు గారిది.

ఆ వారమే గోవిందప్ప టమోటా బాక్సులతో మదనపల్లె మార్కెట్టుకు వచ్చి, సారు రైల్లో కనబడకుండా పోయిన కారణం కనుక్కోవడానికి చర్చికి వచ్చాడు. వరండాలో విజయమ్మ గారు కోడలి భుజం పట్టుకుని నిలబడి బోర్డు చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు. గోవిందప్ప కూడా బోర్డు చదివాడు. చదివి నవ్వాడు.

"నీకేం గాదులేమ్మా," అన్నాడు. "ఆ సారు ముందర యేసినోళ్లు ముందర పోరు. నలభై ఏండ్లుగా సూస్తాండాము."

నెల తిరిగేసరికి విజయమ్మ గారి పుండు మానింది. రెండో నెల ఆమె మనవరాలి కాన్పుకు తిరుపతి పోయి, బాలింతకు తనే నీళ్లు పోసి, ఒక డబ్బా అరిసెలతో బర్నబాస్ గారింటికి వచ్చారు. "నువ్వు పేరు రాసినాకనే కుదురుకున్న్యా తమ్ముడూ," అని ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోయారు.

ఇక ఆయన గుమ్మం ఖాళీ లేదు. తమను ఫేవరెట్ చెయ్యమని పెద్దలు అర్జీలు తెచ్చారు. గిరాకీని బట్టి ఉపసంఘం విధానం రూపొందించింది. ఫేవరెట్ హోదా నెల రోజులు మాత్రమే, ఆ తర్వాత వంతు ప్రకారం. దరఖాస్తుకు వయసు ధ్రువీకరణ, రెండు ఫోటోలు, గోడ మరమ్మతు నిధికి కానుక. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు అక్రమంగా హోదా కొట్టేస్తున్నారని ఫిర్యాదు రావడంతో, తగినంత బాగోలేదని డాక్టరు సర్టిఫికెట్టు కూడా చేర్చారు. పరీక్షకు ముందు రోజు ఆవకాయ అన్నం, అప్పడాలు తిని బీపీ పెంచుకుని పోయినవాళ్లు కొందరున్నారు. జాబితాలో అడుగున ఉన్నవాళ్లకు నిద్ర పట్టేది కాదు. అందరికంటే అడుగున ఉన్న సాల్మన్ రాజు గారు ఒకరోజు తెల్లారకముందే అరటి గెలతో వచ్చి, తనకు ఈమధ్య ఎడమ చెయ్యి లాగుతోందనీ, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదనీ వాపోయారు.

బర్నబాస్ గారికి ఇదంతా నమ్మకమని కాదు. ఆయన గణాంకాలు చదివిన మనిషి. కానీ గణాంకాలు చదివిన మనిషి నలభై ఏళ్ల సమాచారాన్ని ఎలా తోసిపుచ్చుతాడు? అరటి గెల వైపు చూస్తూ కూర్చున్న ఆయనకు రైల్లో గోవిందప్ప అన్న మాట గుర్తుకొచ్చింది. ఒకటి తప్ప అన్నీ చెబితే, మిగిలినదాని మీద ఇల్లు రాసివ్వచ్చు.

ఆ ఆదివారం ఆయన ఉపసంఘం ముందు కొత్త అంచనా పెట్టారు. హోదా కొందరికే ఇవ్వడం సహవాస ధర్మానికి విరుద్ధం కాబట్టి, సంఘంలో పెద్దవాళ్లంతా ఇకమీద సమానంగా, శాశ్వతంగా ఫేవరెట్లు. అందరికీ ఒకే రేటు. బల్లలు మోగాయి. విజయమ్మ గారు స్తోత్రం చెప్పారు. పట్టికలో అట్టడుగున, నూటికి ఒకటి రేటుతో, ఒక్క పేరు మాత్రం విడిగా ఉంది. అది చూసి సాల్మన్ రాజు గారికి మనసు ఊరుకోలేదు.

"మీ పేరు గూడా పైన కలిపేస్తాము సార్. యాల మీరొక్కరే అడుగున ఉండేది?"

"నాకొద్దులేప్పా," అన్నారు బర్నబాస్ గారు. "నేను ఈడే ఉంటా."

ఆయన త్యాగాన్ని మెచ్చుకుంటూ తీర్మానం చేశారు. ఆయనకు సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి, అదీ తన మీదే, పందెం కాసి వచ్చిన మనిషి, చర్చి మెట్లు దిగుతూ ఎవరి కళ్లలోకీ చూడలేకపోయారు. ఇంటికి పోయి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. స్టాప్‌వాచ్ గోవిందప్పకు ఇచ్చేశారు. బెంగ తీరినట్టు, ఎన్నాళ్లకో హాయిగా నిద్రపోయారు.

ఏడాది దాటింది. సంఘంలో ఒక్కరు పోలేదు. సమాధుల తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. గుంతల బడ్జెట్ మిగిలిపోయిందని ఉపసంఘం దానితో లక్కీ డిప్‌కు కొత్త పెట్టె కొన్నది. బర్నబాస్ గారు మళ్లీ ఆసుపత్రికి పోయారు. డాక్టరమ్మ ఈసారి జూనియర్లను కూడా పిలిచి ఆయన రిపోర్టులు చూపించింది. గుండె పోయినసారి కంటే బాగుందట. బెంగ లేకుండా నిద్రపోతున్నట్టున్నారు, అదే మందు, ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేదు అని భుజం తట్టింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆయనకు లెక్కలో పొరపాటు దొరికింది. బోర్డు మీద ఎవరి పేరు ఎక్కడుంటేనేం. ఇది గెలుస్తుంది అని నలభై ఏళ్లుగా మనసులో గట్టిగా అనుకున్నదే ఆయన గుర్రం. ఈసారి అలా అనుకున్నది ఎవరిని?

ఆరోజు శనివారం. ఆయన తోటకు పోయి, గడ్డి పక్కకు తప్పించి, సీతాఫలం చెట్టు కింద కూర్చున్నారు. పక్క స్థలం ఖాళీగానే ఉంది. ఆమె అడుగుతుందేమో అన్నట్టు సమాధి వైపు తిరిగారు. తర్వాత ఎప్పటి జవాబే చెప్పారు.

"లేదు."

ఇక రెండో మాట అనడానికి ఆమె లేదు గనక అది కూడా ఆయనే అన్నారు.

"పాపం."

నలభై ఏళ్లలో ఆ మాట గుర్రానికి వినబడటం అదే మొదటిసారి.